తోమేసిన రంగు

మా ఆయన దాచిన పాత వెండి నాణెం చూసి నాణేల వ్యాపారి భూతద్దం పక్కన పెట్టేశాడు.

"ఎవరు తోమారమ్మా?"

"నేనే బాబూ, నిమ్మచెక్కతో. మకిలి చూసి ధర తగ్గిస్తారేమోనని బెంగపడ్డాను."

"అది మకిలి కాదమ్మా. ఏళ్ల తరబడి గాలి తగిలి వెండికి వచ్చిన రంగు. నీలం, ఊదా, అంచున బంగారు ఛాయ. కొనేవాళ్లు మోజుపడేది దానికే. ఇప్పుడిది ఉత్త వెండిముక్క."

"మళ్లీ రాదా?"

"వస్తుంది, మీ మునిమనవల కాలానికి."

నా ఆపరేషన్‌కి దీన్నే నమ్ముకున్నాం. పక్కనే ఉన్న మా ఆయన నాలుగు తిట్టినా నా మనసు కుదుటపడేది. తిట్టకుండా చెయ్యి పట్టుకుని నన్ను మెట్లు దింపారు.

"నాకు అంతా నల్లగానే కనిపించిందండీ."

"తెలుసే. ఆ కళ్ల కోసమేగా అమ్ముదామనుకున్నాం."