జాబితాలో రెండో పేరు

వైగై ఏరు గట్టు దాటి వాడిపట్టి తోపుల్లో నీళ్లు నిలిచిన ఏడాది అది.

కోడిగుడ్లు పొదిగించే హేచరీలో నందకుమార్ కంప్యూటర్ పనికి చేరి నాలుగు రోజులైంది. పెట్టెల్లో పన్నెండు వేల గుడ్లు. మరునాడు పిల్లలు బయటపడాలి. చెవి పెడితే లోపల ముక్కుల చప్పుడు. వాటి వేడంతా ఒక్క కంప్యూటరు మిషను చేతిలో ఉంది.

ఆ పొద్దున ఆ మిషను మీద అన్ని అధికారాలూ ఉన్నవాళ్ల జాబితా తీశాడు.

రెండే పేర్లు. ఒకటి తనది. రెండోది 'పేచ్చి'.

హేచరీలో ఆ పేరుగలవాళ్లెవరూ లేరు.

ఎవరో దొంగ మిషనులోకి దూరాడు.

ఆ పేరు తీసేశాడు. ఆ కంగారులోనే తన పేరును మిషను వాడేవాళ్ల ఇంకో గుంపులో చేర్చబోయి, కమాండులో ఒక్క అక్షరం మరిచాడు. కొత్త గుంపులో చేరాడు. పాత గుంపులన్నిటి నుంచీ ఊడిపోయాడు, అధికారం ఉన్న గుంపుతో సహా.

అది మధ్యాహ్నం తెలిసింది. కరెంటు పోయి వచ్చింది, హీటర్లు వెలగలేదు. వెలిగించమని మిషనుకు చెప్పాడు.

'నీకు అధికారం లేదు. ఈ సంగతి పైకి చేరుతుంది' అంది మిషను.

ఎవరికి?

మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ అదే మాట.

అరగంటకు గేటు చప్పుడైంది. చీర మోకాళ్లదాకా ఎగగట్టిన ముసలామె. చేతిలో ప్లాస్టిక్ కవరు చుట్టిన ఫోను.

"లోపలికి ఇడు నాయినా. మిషను చూడాల."

"మిషనుతో నీకేం పని అవ్వా?"

"మూడు తూర్లు మెసేజి వచ్చింది."

"వరద మెసేజి ఊరందరికీ వచ్చుండాది. ఇంద, వరద సాయం బియ్యం. పట్టుకొని పో."

"నాకేంటికి? నీ కోళ్లకు ఏసుకో." ఆమె పొట్లం గోడ మీద పెట్టింది. "నందకుమారే కదా నీ పేరు?"

చెప్పని పేరు ఈమెకెలా తెలుసు?

గేటుకు తాళం వేశాడు. ఆమె కాసేపు తడుస్తూ నిలబడి, నీళ్లలో వెనక్కి నడిచింది.

సాయంత్రం పెట్టెకు చెవి పెట్టాడు. చప్పుడు లేదు.

దిండిగల్ నుంచి ఓనరమ్మ మేనక ఫోను చేసింది. "రోడ్డు తెగిపోయింది, నేను రాలేను. మిషను పెట్టినామె రాలేదా? తప్పు జరిగితే అది ఆమె ఫోనుకే చెప్తాది, ఎవురు చేసినారో పేరుతో సహా. బడి పక్కనే ఇల్లు."

అతను గేటు తెరిచి చూశాడు, చీకట్లో నీళ్లు నడుం దాకా ఉన్నాయి.

మరునాడు ఉదయం మోకాలి లోతు నీళ్లలో నడిచి వెళ్లి, 'పేచ్చియమ్మాళ్' అని పలక ఉన్న తలుపు తట్టాడు. తీసింది, నిన్న తాను గేటు బయట వదిలేసిన ముసలామే.