క్యారమ్ బోర్డు మీద ఎస్తేరమ్మ

"నా పేరు ఆటలో ఎందుకు ఏడుస్తందిరా?"

ఎస్తేరమ్మ గుమ్మంలో నిలబడి ఒక్క కేక పెట్టింది. ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీ క్లబ్బులో క్యారమ్ గదికి ఆడవాళ్లు రారు. మూలనున్న బ్లాక్ అండ్ వైట్ టీవీని వదిలేసి అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె మొగుడు, గూడ్సు గార్డు సూసన్న, అదృష్టం బాగుండి ఆ పూట డ్యూటీకి పోయాడు.

"కుళాయి కాడ పిల్లలు గోలీలాడతా 'ఎస్తేరమ్మ, ఎస్తేరమ్మ' అంటన్నారు. పూరీ రైలుగేట్ కాడ ఆడుకునే బెంగాలీ బాబులు కూడా అదే మాట! ఏటది, తిట్టా?"

బోర్డు ముందు కూర్చున్న చలపతి పౌడరు చేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

"తిట్టు కాదొదినా, ఆట మాట. ఓడిపోతన్నోడు మజ్జిలో లేసి ఎల్లిపోతే 'ఎస్తేరమ్మ కొట్టినాడు' అంటాం."

"నాకు క్యారమ్సే రాదు కదరా!"

"నువ్వు కాదు, సూసన్నన్న. ఇక్కడో రూలుంది. ఆట మజ్జిన రైలాఫీసు కబురు తెచ్చే కాల్‌బాయ్ వొచ్చి డ్యూటీకి పిలిస్తే లేసిపోవచ్చు. ఓడినట్టు కాదు. అన్న సేతిలోంచి ఎర్ర కాయిన్ ఎదుటోడికి పోయిందంటే సాలు, ఎదురు క్వార్టర్లోంచి 'అన్నం సల్లారిపోతంది' అని నీ కేక. 'ఇంటి పిలుపు కూడా డ్యూటీయే' అని ఆయన జారుకుంటాడు."

"ఆయనే కదా ఈ కిటికీలోంచి తువ్వాలు ఊపి పిలవమంటాడు!"

అనేసి నాలిక్కరుచుకుంది. గదంతా గొల్లున నవ్వింది. ఎస్తేరమ్మకి మాత్రం కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మొగుడి పిరికితనానికి తన పేరా?

"నవ్వండి, నవ్వండి. ఆదివారం సర్చిలో ఏ మొకం పెట్టుకుని కూకోను? ఊళ్లో పారిపోయినోళ్లందరికీ నా పేరేటి? ఇయ్యాలే తీసెయ్యాల."

చలపతికి జాలేసింది. "ఠీక్ హై వదినా. రేపట్నించి ఆ మాట అన్నోడికి వారం రోజులు ఆట బంద్."

అందరూ తలలూపారు. ఎస్తేరమ్మ చెంగుతో కళ్లు తుడుచుకుని, గుండె బరువు దిగి, మెట్ల వైపు తిరిగింది.

వరండాలో నిలబడి అంతా వింటున్న పక్కింటి జోగమ్మ ఆమెను తోసుకుంటూ లోపలికొచ్చింది.

"మంచి పని సేసినారు బాబూ. ఆటలోంచి మొగుణ్ణి పిలవడం ముందు మొదలెట్టింది నాను. మా ఆయన తాతారావునడగండి. ఈవిడ నన్ను సూసే నేర్సుకుంది. నాయంగా ఆ మాట 'జోగమ్మ' అవ్వాల."

ఆటగాళ్లు మొహాలు చూసుకున్నారు.

"అదీ నిజమే," అన్నాడెవడో. "ముందు అలా లేసిపోయినోడు తాతారావే."

మెట్టు మీద కాలు ఆగిపోయింది. ఎస్తేరమ్మ గిరుక్కున వెనక్కొచ్చి, చెంగు నడుముకి బిగించి, జోగమ్మకీ బోర్డుకీ మధ్య నిలబడింది.

"సలపతీ! ఆ మాట మీద సెయ్యేసినావంటే సెయ్యి ఇరగ్గొడతాను!"