సోమవారం అర్జీ

మూడు శనివారాలు, మూడు హత్యలు.

పెనుగంచిప్రోలులో ఒకటి, నందిగామలో ఒకటి, జగ్గయ్యపేటలో ఒకటి. చనిపోయిన ముగ్గురూ ఒంటరిగా ఉంటున్న ముసలమ్మలే. తలుపులు పగలలేదు, బంగారం పోలేదు.

ఈ రోజు గురువారం. ఎస్సై భవానీప్రసాద్ ఇంటి మొహం చూసి రెండు రోజులైంది.

“మా రోజుల్లో అయితే పాత కేడీలందర్నీ తెచ్చి కూర్చోబెట్టేవాళ్లం సార్. సాయంత్రానికి ఎవడో ఒకడు ఒప్పుకునేవాడు,” అన్నాడు హెడ్ కానిస్టేబుల్ ప్రేమానందం. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి.

“చెయ్యనివాడు కూడా ఒప్పుకునేవాడు కదండీ. తర్వాత వేలిముద్రలొచ్చాయి, సెల్ టవర్లొచ్చాయి. వీడు ముద్రలూ వదలడు, ఫోనూ తేడు. ఇక వాడి బుద్ధిని బట్టే పట్టుకోవాలి.”

నేరస్థుల మనస్తత్వ నిపుణులు పంపిన కాగితాన్ని భవానీప్రసాద్ పైకి చదివాడు. “ముప్పై దాటినవాడు. పెళ్లి కాలేదు. తల్లితోనే ఉంటాడు. ఆమె మీద కోపం బయటి ముసలాళ్ల మీద తీర్చుకుంటున్నాడు.”

“అలాంటివాళ్లు ఈ చుట్టుపక్కల ఎంతమందండీ?”

“రెండొందల పద్నాలుగు. శనివారం లోపు ఒక్కడు తేలాలి. లేకపోతే ఇంకో ప్రాణం పోతుంది.”

అప్పుడే గుమ్మంలో ఓ ముసలావిడ కనిపించింది. ఆకుపచ్చ నేత చీర. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఏం కావాలమ్మా?”

“మా అబ్బాయి గురించి చెప్పుకోవాలి బాబూ. మీ ఒక్కరితోనే.”

భవానీప్రసాద్‌కి ఒళ్లు మండింది. కొడుకు అన్నం పెట్టడం లేదనీ, పొలం రాయించుకున్నాడనీ స్టేషను మెట్లెక్కే తల్లులకి లెక్కే లేదు. అందుకు ఇదా సమయం?

“కొడుకు మీద అర్జీయా? అవి సోమవారం తీసుకుంటాం. కాగితం మీద రాసుకుని రండి.”

“సోమవారం దాకా అంటే...” ఆవిడ గుమ్మం పట్టుకుంది. “నోరు రావట్లేదు బాబూ. కాసేపు కూర్చోనివ్వండి.”

“ప్రేమానందం గారూ, ఆవిణ్ణి ఆటో ఎక్కించండి. అమ్మా, రోజులు బాగాలేవు. తెలియనివాళ్లకి తలుపు తియ్యకండి.”

“తెలిసినవాడైతే?”

ఫోను మోగింది. అనుమానితుల జాబితా నూట అరవైకి తగ్గిందట. ఆవిడ మాట ఎవరికీ వినబడలేదు. పేరు కూడా ఎవరూ అడగలేదు.

శనివారం మధ్యాహ్నానికి జాబితాలో తొమ్మిది మంది మిగిలారు.

రెండింటికి చెవిటికల్లు నుంచి ఫోనొచ్చింది.

వంటింట్లో పడి ఉన్న మనిషిని చూడగానే భవానీప్రసాద్ గుర్తుపట్టాడు. అదే ఆకుపచ్చ చీర.

“నేనే పంపేశానండీ,” అన్నాడు గోడ పట్టుకుని. “కూర్చోనిమ్మని అడిగితే కూడా పంపేశాను.”

ప్రేమానందం వంగి, ఆవిడ బొడ్లో దోపుకున్న కాగితం మడత విప్పాడు.

“సోమవారానికి రాసుకున్నట్టుందండీ. మీరు చెప్పినట్టే.”

వంకర అక్షరాలు. ఎవరిచేతా రాయించలేదు, తనే కూడబలుక్కుని రాసుకుంది.

భవానీప్రసాద్ అందుకుని చదివాడు.

“అయ్యా, మీరు వెతుకుతున్నవాణ్ణి కన్నది నేనే.”