గుమ్మానికడ్డం మంచం

"ఎవరంటించారో అడగండి డాక్టరమ్మా," అన్నాను.

అప్పటికి మా పెళ్లయి నెల. నేను ఫిల్మ్‌నగర్‌లో లైట్‌మన్‌ని, నా భార్య కరుణ సినిమాల్లో గ్రూపు డ్యాన్సరు. మూత్రంలో మంటంటూ తను ఏడుస్తుంటే, నా అనుమానం షూటింగుల మీదికి పోయింది.

"ఎవరూ అంటించలేదయ్యా. కొత్తగా పెళ్లయిన ఆడవాళ్లకి మామూలే. మాత్రలు రాస్తాను. కలిశాక లేచి పాసుకి వెళ్లాలి, నీళ్లు బాగా తాగాలి. వెళ్తున్నావా అమ్మా?"

"లేదండీ." కరుణ తల దించుకుంది. "మా గది గుమ్మానికి అడ్డంగా అత్తయ్య మంచం ఉంటుంది. తలుపు తీస్తే, 'అప్పుడే అయిపోయిందా?' అంటారు. అందుకని తెల్లారేదాకా ఆపుకుంటున్నాను. దాహమేసినా నీళ్లు తాగట్లేదు."

అమ్మ మొదటిసారి ఆ మాట అన్నప్పుడు లోపల పడుకుని నేను నవ్వాను. అది గుర్తొచ్చి ఇద్దరి మొహాలూ చూడలేకపోయాను.

ఇంటికి రాగానే అమ్మ మంచం వంటింటి వైపు లాగాను.

"ఏరా, నీ పెళ్లానికి అడ్డమొచ్చానా?" అంది అమ్మ.

"తనకి కాదమ్మా. రాత్రిళ్లు పాసుకి నేనే లేవాల్సొస్తోంది."

వెనకాల కరుణ చెంబెత్తి గటగటా నీళ్లు తాగింది.