ఆరో బాంబు

ముసలాయన మళ్లీ వచ్చి పునాది గోతిలో దిగాడు. వరసగా ఇది నాలుగో రోజు.

మేస్త్రికి ఒళ్లు మండింది. ఎక్కడివాడో, ఎవరివాడో తెలియదు. జిడ్డులా పట్టుకున్నాడు.

“మళ్లీ తయారయ్యావా? పైకి రా!”

“ఇక్కడ బడి కడుతున్నారని పేపర్లో చూసి వచ్చాను బాబూ. తవ్వే మిషను పెట్టకండి. కింద బాంబు ఉంది.”

“యుద్ధం అయిపోయి నలభై ఏళ్లయింది!”

“అది పేలలేదు. అలాగే ఉంది.”

కూలీలు పకపకా నవ్వారు. నవ్వినంతసేపు పని తప్పుతుంది మరి.

మేస్త్రి మాత్రం నవ్వలేదు. ఆ రోజుల మాట ఎత్తితేనే అతనికి పడదు.

“నాకు చెప్తున్నావా? మా అమ్మ ఆ బాంబుల్లోనే పోయింది. అయిదు పడ్డాయి, అయిదూ పేలాయి. ఈ ఊళ్లో ఎవర్నడిగినా చెప్తారు.”

“ఆరు,” అన్నాడు ముసలాయన తల దించుకుని.

“నీకెవడు చెప్పాడు?”

ముసలాయన వెళ్లి సరిగ్గా మిషను మొన కింద చతికిలబడ్డాడు.

మేస్త్రికి చిర్రెత్తుకొచ్చింది. చొక్కా పట్టుకుని ఈడ్చి అవతలికి ఒక్క తోపు తోశాడు. ముసలాయన వెళ్లి ఇనుప చువ్వల మీద పడ్డాడు. తల పగిలింది.

“ఆరు బాబూ, ఆరు,” అంటూనే ఉన్నాడు, ఆసుపత్రి బండి ఎక్కిస్తున్నప్పుడు కూడా.

“పీడ విరగడైంది,” అన్నాడు మేస్త్రి. కానీ మిషను తిప్పమనడానికి నోరు రాలేదు. ముసలాణ్ణి తిట్టుకుంటూనే, చేత్తో తవ్వమన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం, నిలువెత్తు లోతులో, గునపానికి ఇనుము తగిలింది.

సైనికులు వచ్చి వీధులు ఖాళీ చేయించి, బాంబును జాగ్రత్తగా పైకి తీశారు.

“మిషను తగిలుంటే నువ్వూ లేవు, నీ కూలీలూ లేరు, ఈ మూడు వీధులూ లేవు,” అన్నాడు వాళ్ల అధికారి.

మేస్త్రి ఆసుపత్రికి పరుగెత్తాడు. ఆయన కాళ్లు పట్టుకుందామనే వెళ్లాడు.

మంచం ఖాళీగా ఉంది.

“పొద్దున్నే పోయారు,” అంది నర్సు. “మీరు ఆయనకేమవుతారు?”

మేస్త్రి సిగ్గుతో ఖాళీ మంచం వైపు చూశాడు.

“కొడుకులాంటివాణ్ణి,” అన్నాడు చివరికి.

ఆమె ఆయన జేబులో దొరికిన పాత డైరీ తెచ్చి చేతిలో పెట్టింది. నలిగిపోయిన ఒక పేజీ దానంతటదే తెరుచుకుంది.

అమ్మ పోయిన తేదీ, ఈ ఊరి పేరు, వాటి కింద వెలిసిపోయిన సిరాతో ఒకే ఒక్క ముక్క: “విమానం నేనే నడిపాను, ఆరు వేశాను, అయిదే పేలాయి.”