కొండ దిగే బండి

ఫోన్ మోగుతూనే ఉంది. స్టీరింగు మీద నుంచి చెయ్యి తియ్యడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. తనంతట తాను కొండ దిగడం ఇదే మొదటిసారి మరి.

“నాన్నే అయ్యుంటాడు. స్పీకర్ నొక్కవే, ఆ చీవాట్లేవో తినేస్తే ఓ పనైపోతుంది,” అంది పక్కసీట్లో ఉన్న పెద్దకూతురితో.

“వ్యానేదీ? ఎక్కడున్నావ్?” భర్త గొంతు బొంగురుపోయి ఉంది.

“అరవకండి. మీరు ఎక్కమన్న బస్సు మా కళ్లముందే వెళ్లిపోయింది. వెనక్కొస్తే మీరు స్నానానికెళ్లారు. తాళం బండికే వేలాడుతోంది. అక్క ఎదురుచూస్తుంటుందని తీసుకొచ్చేశాను.”

“పిల్లలు?”

“పిల్లల్ని గాలికొదిలేసి వస్తానా? పెద్దది నా పక్కనుంది, చిట్టి వెనకుంది.”

అవతల ఏదో భళ్లుమని కిందపడింది.

“కొండ దిగుతున్నావా?”

“ఇప్పుడే మొదలెట్టా.”

“వద్దు. ఆపెయ్. ఉన్నచోటే ఆపెయ్!”

ఆమెకు ఒళ్లు మండింది. పెళ్లికి ముందు నుంచీ వ్యాను తోలిన మనిషి. స్టీరింగు దగ్గరే మూర్ఛ వచ్చి పడిపోయాక, ఇక జన్మలో బండి ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. అప్పటినుంచీ గోడకేసి చూస్తూ కూర్చోవడమే పని. ఇల్లు గడవాలని ఆమె పడుతూ లేస్తూ డ్రైవింగ్ నేర్చుకుని లైసెన్సు తెచ్చుకుంటే, బాగుందని ఒక్క మాటైనా అన్నాడా! ఆమె బండి తుడుస్తున్నా మొహం తిప్పుకునేవాడు. రాత్రి మాత్రం ఏ గాలి మళ్లిందో, పిల్లలిద్దర్నీ ఒళ్లో కూర్చోబెట్టుకుని బోలెడు కబుర్లు చెప్పాడు. పొద్దున్నే తనే అందర్నీ లేపి, అక్కను చూసి చాన్నాళ్లయింది వెళ్లిరమ్మని మరీ మరీ చెప్పి పంపాడు. పోన్లే, మనిషి తేరుకున్నాడని ఆమె ఎంత సంబరపడిందో. తీరా చూస్తే మళ్లీ ఇదీ వరస.

“నేను నడిపితే మీకెందుకంత...”

“నీకు దండం పెడతానే. డాష్‌బోర్డు మీద ఎర్రలైటు వెలుగుతోందా? గుండ్రంగా, మధ్యలో గీత, గీత కింద చుక్క?”

వెలుగుతోంది. “అది హ్యాండ్ బ్రేకుది కదా? మొత్తం దించేశానే!”

“బ్రేక్ ఆయిల్ కారిపోయినా అదే వెలుగుతుంది. బ్రేకు తొక్కు!”

తొక్కింది. ఇంటి దగ్గర బాగానే పట్టిన పెడల్ ఇప్పుడు మెత్తగా నేలకంటా దిగిపోయింది. బండి ఆగలేదు సరికదా, ఇంకాస్త జోరందుకుంది.

“ఏవండీ, బ్రేకు లేదు! అయ్యో, పిల్లలున్నారండీ!”

“పెడల్ మళ్లీ మళ్లీ తొక్కుతూ ఉండు. ఇంజన్ మాత్రం ఆపకు, స్టీరింగు బిగుసుకుపోతుంది. ఏ గేర్లో ఉన్నావ్?”

“నాలుగు.”

“మూడులోకి దించు.”

దించింది. ఇంజన్ గాండ్రించింది. చిట్టి ఏడుపు లంకించుకుంది.

“ఇప్పుడు రెండు.”

“బండి ఊగిపోతోందండీ!”

“ఊగనీ. అరుపు ఇంజన్‌దే, దానికేం కాదు. పెద్దదానా, ఎర్ర త్రికోణం బొత్తం నొక్కు తల్లీ, లైట్లు కొట్టుకుంటే ఎదురొచ్చేవాళ్లు తప్పుకుంటారు. చిట్టి బెల్టు పెట్టుకుందా?”

“పెట్టుకుంది నాన్నా!”

ఎదురుగా లారీ. ఆమె హారన్ మీద చెయ్యి తియ్యలేదు. లారీవాడు వెంట్రుకవాసిలో పక్కకు తప్పుకున్నాడు. చెమటకు చేతులు జారిపోతున్నాయి. పిల్లల్ని చేజేతులా చంపుకుంటున్నానే అని లోలోపల గుండె బాదుకుంటోంది.

“మలుపు తిరగ్గానే ఎడమపక్క క్వారీకి ఎక్కే మట్టిదారి ఉంటుంది. అందులోకి పోనీ. ఎత్తెక్కితే బండే నెమ్మదిస్తుంది. అప్పుడు హ్యాండ్ బ్రేకు. ఒక్కసారి లాగావంటే తిరగబడుతుంది. దాని పిడికున్న బొత్తం నొక్కిపట్టి కొంచెం కొంచెంగా లాగు. దాని తీగ వేరే, అది పనిచేస్తుంది.”

“నావల్ల కాదండీ!”

“అవుతుంది. నాకన్నా బాగా నడుపుతావ్ నువ్వు. ఎప్పుడూ చెప్పలేదు, అంతే. తిప్పు!”

తిప్పింది. కంకర ఎగిరి అద్దాన్ని కొట్టింది. బండి మూలుగుతూ ఎత్తెక్కింది. ఆమె కొంచెం కొంచెంగా లాగింది. కంకర గుట్టను ఒరుసుకుని బండి ఆగింది.

పొరుగింటాయన మోటార్‌సైకిల్ వెనక కూర్చుని భర్త వచ్చేసరికి, ఆమె పిల్లలిద్దర్నీ వాటేసుకుని నేలమీద కూలబడి ఉంది. అతని కాలికి చెప్పుల్లేవు. తల ఇంకా తడిగానే ఉంది. పిల్లల్ని ఒళ్లంతా తడిమి తడిమి చూసుకున్నాడు. పొరుగింటాయన వాళ్లను మంచినీళ్లకని క్వారీ షెడ్డు వైపు తీసుకెళ్లాడు.

“మీరు లేకపోతే ఈపాటికి ముగ్గురం లోయలో ఉండేవాళ్లం,” అందామె కళ్లు తుడుచుకుంటూ. “ఎందుకూ పనికిరాకుండా పోయానని రోజూ కుమిలిపోతారే! రేపట్నుంచి నా పక్కన కూర్చోండి. బండిని నేను నడుపుతా, నన్ను మీరు నడపండి.”

అతను ఆమె పక్కనే చతికిలబడ్డాడు. మోకాళ్ల మధ్య మొహం దాచుకున్నాడు.

“అవునూ, నేను చెప్పకముందే ఎర్రలైటు సంగతి మీకెలా తెలిసింది? వాకిట్లో ఆయిల్ మరక చూశారా?”

అతను తల అడ్డంగా ఊపాడు.

“ఆ మెకానిక్కుని మాత్రం వదలను. మొన్ననేగా బ్రేకులు చూపించాం! పైపు బిగించడం కూడా చేతకాదా? చొక్కా పట్టుకుని అడుగుతా.”

“వాణ్ణేమీ అనకు.”

“ఎందుకనకూడదట? పిల్లలు పోయేవాళ్లండీ!”

అతను రెండు చేతులూ జోడించాడు.

“ఆ పైపు నాకోసం నేనే విప్పుకున్నాను.”