చిన్న మోటరు

“బేకరీ వాళ్లకైతే వెయ్యి వాట్లుండాలమ్మా! ఎంత గట్టి పిండైనా నలిగి తీరాల్సిందే” అన్నాడు సేల్స్‌మన్, మిక్సర్ తలమీద చెయ్యివేసి.

మేస్త్రి గుండెల్లో రాయి పడింది. ఇరవై రెండేళ్లుగా, పక్కన నిలబడ్డ ఈ యజమానురాలి బేకరీలో రొట్టెలపిండి పిసుకుతున్నాడు. ఆ మిక్సర్ అక్కడ గడప తొక్కితే తనకు ఉద్వాసన తప్పదు. యాభై దాటినవాణ్ణి పిలిచి పనెవరిస్తారు?

అనుమానం ఇవాళ్టిది కాదు. పోయినవారం ఎవరో పెద్దమనిషి వచ్చి బేకరీ గోడలు టేపుతో కొలుచుకుపోయాడు. ఎవరని అడిగితే ఆవిడ మాట దాటేసింది. మొన్నేమో “పిండి పాళ్లు కాగితంమీద రాసివ్వు మేస్త్రీ” అంది. పాళ్లు తనకు నోటికొచ్చు. ఇక కాగితం ఎవరికి? మిషను నడిపేవాడికే! ఇవాళ “ఓ ముద్ద పిండి కలిపి తీసుకురా, మిషన్లో వేసి చూద్దాం” అని వెంటబెట్టుకొచ్చింది. తన గొయ్యి తనచేతే తవ్విస్తోందన్నమాట!

అందుకే ముద్దలో నీళ్లు సగానికి సగం తగ్గించాడు. విసిరితే గోడ పెచ్చులూడేలా ఉందది.

సేల్స్‌మన్ దాన్ని గిన్నెలో వేసి మీట నొక్కాడు. మిక్సర్ నాలుగు తిప్పులు తిప్పి, మూలిగి, కాలిన వాసన కొట్టి ఆగిపోయింది.

“చూశారా! వాట్లంటే అది ఎంత కరెంటు తాగుతుందో చెప్పే లెక్క. పిండి తిప్పే కొక్కెం దాకా ఎంత బలం వస్తుందో ఎవరు చెప్పాలి?” అన్నాడు మేస్త్రి.

“లోపల ఇంకా పెద్దదుంది, పదిహేను వందల...”

“వద్దులే బాబూ” అందావిడ. మూలనున్న చిన్న మిక్సర్ చూపించింది. “దాని మోటరెంత?”

“మూడొందలు. నాలుగు బన్నులకు సరిపడా కలుస్తుందంతే. బేకరీకి ఏమూలకమ్మా?”

“పర్లేదు. చప్పుడెక్కువ రాదుగా?”

మేస్త్రి ఉలిక్కిపడ్డాడు. ఇంత తేలిగ్గా దిగొచ్చిందేమిటి? ఇందులో ఏదో మతలబుంది. ముద్దలో మోసం పసిగట్టిందా? అయినా చేతికి చిక్కిన అదను వదులుకుంటాడా!

“బంగారంలాంటిదమ్మగారూ! గుడ్లూ వెన్నా దీంట్లో గిలక్కొట్టుకుందాం. పిండికి నా చేతులున్నాయిగా, వీటికి కరెంటు కూడా అక్కర్లేదు.”

ఆవిడ నవ్వబోయి మానేసింది. ముద్దను వేలితో నొక్కి చూసింది.

చిన్న మిక్సర్ పెట్టె బండిలో పెట్టాక మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. ఇంకో పదేళ్లు తన పనికి ఢోకా లేదు. ముందుసీట్లో దర్జాగా కూర్చుని “బేకరీకి పోనీ” అన్నాడు డ్రైవరుతో.

“కాదు, మా ఇంటికి” అంది ఆవిడ వెనకనుంచి.

“ఇంట్లో దీంతో ఏం పనమ్మగారూ?”

“నీకెలా చెప్పాలో తెలీక నాన్చుకుంటూ వచ్చాను” అందావిడ.

“బేకరీ నిన్న అమ్మేశాను మేస్త్రీ.”